ఒకటిన్నర చుట్టు

ఒక కారు నేలకు ఎన్ని అంగుళాల ఎత్తున నడవాలో తేల్చవలసింది ఎవరు? దాన్ని కొన్నవాడా? విప్పి బిగించే చేతులా? అది వచ్చే దారిలో వడ్లు ఆరబోసుకునే మనిషా? వనపర్తిలో ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. అడిగిన మనిషి కూడా ఒక్కతే. ఆమె పేరు అర్షియా, వయసు ఇరవై మూడు, పని మోటారు బండ్ల సస్పెన్షన్, అంటే చక్రాల కుదుపు మింగే స్ప్రింగులు, షాకప్సర్లు. చివరి సంగతి ఆమె ఇంట్లోవాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ నెలలో ఒక సోమవారం పొద్దున ఎర్రకారు వచ్చి పెబ్బేరు రోడ్డు మీద ఆమె తండ్రి బషీర్ షెడ్డు ముందు ఆగినప్పుడు అర్షియా ఒక పాత జీపు కింద వెల్లకిలా పడుకొని అరిగిన రబ్బరు బుష్షు బయటికి లాగుతున్నది. కారులోంచి దిగినవాడు శ్రవణ్ కుమార్. పెద్దమందడి రోడ్డులో అతని తండ్రికి బియ్యం మిల్లు ఉన్నది. బషీర్ షెడ్డు నిలబడిన జాగా కూడా ఆ తండ్రిదే.

"చాచా, బండి నేలకు అతుక్కోవాలె" అన్నాడు శ్రవణ్. "ఐతారం జూరాల డ్యాము కాడ మా దోస్తుల బండ్లన్నీ కలుస్తున్నయి. గప్పటికి తయారు గావాలె."

అర్షియా జీపు కిందినుంచి జారి బయటికి వచ్చింది. చేతులు తుడుచుకొని టేపు తీసింది. టైరుకూ పైరేకుకూ మధ్య సందు నాలుగు వేళ్లు. కారు పొట్టకూ నేలకూ మధ్య ఆరున్నర అంగుళాలు. ఆమె ముందు రేకు మీద రెండు అరచేతులూ ఆనించి బరువంతా వేసి వత్తింది, చటుక్కున వదిలింది. కారు లేచి, దిగి, సగం లేచి నిలిచింది. నాలుగు మూలలా అట్లాగే చేసింది. అప్పుడు తండ్రి వైపు తిరిగింది. గిరాకీ ఎదురుగా ఉన్నప్పుడు తండ్రితోనే మాట్లాడటం ఆ షెడ్డులో ఆరేళ్లుగా నడుస్తున్న పద్ధతి.

"మూడు తీర్లున్నయి అబ్బా. ఎత్తు ముట్టుకోకుండ గ్యాసు షాకప్సర్లు, గట్టి బుష్షులు ఏస్తే మలుపుల బండి పక్కకు వంగదు. ఇది అన్నిట్ల మంచిది."

"ఏమంటున్నవ్ చాచా?" అన్నాడు శ్రవణ్, ఆమె నోరు మూసిన మరుక్షణం.

"ఎత్తు ముట్టుకోకుండ గ్యాసు షాకప్సర్లు, గట్టి బుష్షులు" అన్నాడు బషీర్. "మలుపుల బండి పక్కకు వంగదు."

"వంగకుంటే ఎవనికి కనబడ్తది చాచా? నాకు సూస్తే తెల్వాలె."

"అట్లయితే ఒక అంగుళం దించే స్ప్రింగులు, వాటికి జోడు పొట్టి షాకప్సర్లు" అంది అర్షియా. "రెండూ ఒకదానికొకటి కొలిచి చేసినయి, ఒకే డబ్బాల వస్తయి. మూడోది, మన ఇష్టం కొద్ది పైకి కిందికి తిప్పుకునేటిది. అది దొరకాలంటే పది దినాలు పడ్తది."

బషీర్ ఆ మాటలను కూడా వరుస తప్పకుండా అప్పజెప్పాడు. శ్రవణ్ శ్రద్ధగా విన్నాడు.

"నాలుగోది మరిచినవ్ చాచా. కోసుడు. గద్వాలల ఒకాయన అర్ధగంటల స్ప్రింగు కోసి బండి దించి పంపిస్తుండు."

అర్షియా మొదటిసారి నేరుగా అతని ముఖంలోకి చూసింది. "కోసిన స్ప్రింగు బండి బరువు మీద కూసున్నంతసేపు మంచిగనే ఉంటది. స్పీడు బ్రేకరు దుంకినప్పుడు చక్రం కిందికి యాలాడ్తది సూడు, అప్పుడు దానికి పట్టు ఉండదు. జాగ దప్పుతది. జాగ దప్పి టైరును కోస్తది. ఆ పైన బండి మీ మాట ఇనదు."

శ్రవణ్ ఫోను వైపు చూస్తున్నాడు. "ఏందంట చాచా?"

"కోసుడు మంచిది కాదు అంటున్న" అన్నాడు బషీర్.

'అంటున్నది' అనలేదు. 'అంటున్న' అన్నాడు. డబ్బాలో వచ్చే జోడు తెప్పించాలని తేలింది. ఎర్రకారు వెళ్లిపోయాక అర్షియా జీపు కిందికి దూరుతూ, పైకి చూడకుండానే అడిగింది. "ఒక్కసారి 'మా పిల్ల అంటున్నది' అంటే ఏం పోయింది అబ్బా?"

"నీ పేరు జెప్తే గిరాకీ బెదురుతది బేటా" అన్నాడు బషీర్, ఎంతో ప్రేమగా. "పని నీదే. పేరుతోటి ఏం పని?"

*

బుధవారం బస్సు పార్శిల్‌లో డబ్బా వచ్చింది. అర్షియా పొద్దటి నుంచి సాయంత్రం అసరు నమాజు వేళ దాకా దానితోనే గడిపింది. పాత షాక్ అబ్జార్బర్లను దింపి, స్ప్రింగు నొక్కిపట్టే బిగింపుల మరలను ఇటు నాలుగు అటు నాలుగు చుట్లుగా సమంగా తిప్పి, కొత్త స్ప్రింగు చివర దాని గాడిలో కూర్చున్నదో లేదో వేలుపెట్టి తడిమి చూసింది. ఆ స్ప్రింగుకు ఆరు చుట్లు. కారును జాకీ మీద లేపి చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్ప్రింగును చేత్తో కదిలించింది. కదలలేదు. కదలకూడదు.

తర్వాత తన చిన్న రంగు డబ్బా మూత తీసింది. బిగించిన ప్రతి నట్టు మీదా మొదలై పక్కనున్న ఇనుము మీదికి సాగేటట్టు సన్నటి పసుపు గీత గీసింది. నట్టు ఏమాత్రం కదిలినా గీత రెండుగా విరుగుతుంది. బిగింపు వదులైతే కంటికి పట్టిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఇది నేను చూశాను అని చెబుతుంది. ఆ షెడ్డులో ఆమె పెట్టగలిగిన సంతకం అదొక్కటే.

"నట్లకు బొట్లు పెడ్తున్నవా?" అని నవ్వాడు బషీర్, ఎప్పటిలాగే.

గురువారం శ్రవణ్ వచ్చాడు. టైరుకూ రేకుకూ నడుమ వేళ్లు దూర్చి చూశాడు. "గింత జేసినంక గూడ రెండు వేళ్లు దూరుతున్నయి చాచా. దోస్తులు నవ్వుతరు."

"ఆ సందు చక్రానిది. అది పైకి లేవాలంటే జాగ ఉండాలె గదా" అంది అర్షియా.

"చక్రానికి జాగనట!" శ్రవణ్ బషీర్ భుజం మీద చెయ్యి వేశాడు. "మా నాయిన మీకు జాగ ఇయ్యలేదా చాచా? నేను అడిగింది గా రెండు వేళ్ల జాగనే." నవ్వుతూనే అన్నాడు. బషీర్ కూడా నవ్వాడు. కారు షెడ్డులోనే ఉంచి శ్రవణ్ స్నేహితుని బండి ఎక్కి వెళ్లాడు.

శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో అర్షియా అక్క షాజియా కొడుక్కు తల వెంట్రుకలు తీసి పేరు పెట్టే వేడుక. అర్షియా, తల్లి సుల్తానాబీ పొద్దున్నే బస్సెక్కారు. జుమా నమాజు ముగించుకొని వస్తానన్న బషీర్ మధ్యాహ్నం ఫోను చేశాడు. షెడ్డులో పని పడ్డదన్నాడు. మనవని పేరు పెట్టేటప్పుడు తాత లేకపోవడం ఎక్కడైనా ఉన్నదా అని సుల్తానాబీ ఫోనులోనే నాలుగు అంటించింది. శనివారం వాళ్లు తిరిగి వచ్చేసరికి ఎర్రకారు లేదు.

"ఖుష్ అయిండా?" అని అడిగింది అర్షియా.

"శానా ఖుష్" అన్నాడు బషీర్, పానాల పెట్టెలో దేనికోసమో వెతుకుతూ.

ఎవరో కడగకుండా వదిలేసినందువల్ల ఆమె కుంచె పసుపురంగు గడ్డకట్టి పుల్లలాగా బిగుసుకుపోయి ఉన్నది. తండ్రి దేనికో వాడి ఉంటాడు. దాన్ని కిరోసిన్‌లో నానవేసి ఆమె తన పనిలో పడింది.

*

ఆదివారం జూరాలకు పోయేముందు శ్రవణ్ తన కారును తండ్రికి చూపించడానికి పెద్దమందడి రోడ్డు పట్టాడు. యాసంగి కోతల కాలం. తారురోడ్డులో సగం వడ్లు, సగం బండ్లు. బడి దగ్గర స్పీడు బ్రేకరు దాటగానే రోడ్డు ఎడమపక్క కురుమయ్య, ఎంకమ్మ అనే భార్యాభర్తలు రెండు రోజులుగా వడ్లు ఆరబోస్తున్నారు. ఎంకమ్మ పాదాలతో వడ్లలో చాళ్లు తీస్తూ నడుస్తున్నది. కారు స్పీడు బ్రేకరు మీద ఎగిరింది. ఎడమ ముందుచక్రం గాలిలో వేలాడింది. మళ్లీ నేలను తాకేసరికి స్ప్రింగు తన గాడిలో లేదు. టైరు పక్కగోడ కోసుకుపోయింది. కారు వడ్ల మీదికి జారి, ఎంకమ్మను తాకి, వడ్ల చుట్టూ ఆమె పేర్చుకున్న రాళ్లకు కొట్టుకొని, ముందు లైట్ల గాజు పగిలి, ఆగింది. ఎంకమ్మ కుడికాలు రెండుచోట్ల విరిగింది.

సోమవారం బషీర్‌నూ అర్షియానూ ఠాణాకు పిలిచారు. ఎర్రకారు అక్కడి వేపచెట్టు కింద ఒరిగి ఉన్నది. బండ్లు తనిఖీ చేసే అధికారి చొక్కా చేతులు మడిచి చక్రం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. శ్రవణ్ నుదుటికి చిన్న పట్టీతో తండ్రి పక్కన నిలబడి ఉన్నాడు. ముందురోజే జామీనుపై ఇంటికి వెళ్లి వచ్చాడు.

అర్షియా ఎవరూ చెప్పకముందే కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. స్ప్రింగు చుట్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. నాలుగున్నర. కొసన ఇనుము గ్రైండరు వేడికి నీలంగా కమిలి ఉన్నది. ఆమె చూపు నట్ల మీదికి పోయింది. నట్లన్నింటి మీదా పసుపు గీతలున్నాయి. ఎక్కడా విరగలేదు. కాని అవి లావుగా, తొందరగా, అంచుల దగ్గర కారి ఉన్నాయి. ఒక నట్టు వెనక ఆమె గీసిన సన్నటి గీత సగం, దిక్కు తప్పి, కొత్త గీతకు దూరంగా మిగిలి ఉన్నది. కుంచె ఎందుకు బిగుసుకుపోయిందో, తాత మనవని వేడుకకు ఎందుకు రాలేదో ఆమెకు ఒక్కసారే అర్థమైంది. తండ్రి కోయడమే కాదు. కోసినట్టు ఆమెకు తెలియకుండా, ఆమె గీతను తానే గీశాడు.

"ఏ పార్టులు ఏయాల్నో ఎవరు చెప్పిన్రు?" అని అడిగాడు అధికారి.

"గా పిల్లనే సార్" అన్నాడు శ్రవణ్. "మూడు తీర్లున్నయంది. ఒక అంగుళం దించేటివి ఏద్దామంది. జోడు డబ్బాల వస్తదంది. నాకేం తెల్వదు సార్, ఆమె ఎట్లంటే అట్లనే అన్న."

ఆ రోజు తన మాటలన్నీ అతని చెవికి ఎక్కాయని అర్షియాకు అప్పుడు తెలిసింది. కోత గురించి చెప్పినవి మాత్రం ఎక్కలేదు.

"మరి ఈ గీతలు?" అధికారి వేలితో నట్టును తాకాడు. "ఇట్ల గుర్తు పెట్టే మెకానిక్కును ఈ మూడు జిల్లాలల్ల నేను సూడలే. ఎవరివి ఇవి?"

బషీర్ నేలవైపు చూశాడు. తర్వాత తల ఎత్తాడు.

"మా పిల్లవి సార్. అర్షియా. మా షెడ్డుల సస్పెన్షన్ పని మొత్తం ఆమెనే చేస్తది. ఆరేండ్ల సంది."

ఆరేళ్లుగా ఆమె వినాలనుకున్న వాక్యం అది. అందరి ఎదుట, బిగ్గరగా, ఆమె పేరుతో సహా. ఈ గీతలు ఆమెవి అన్న మాట తీసేస్తే మిగతా దానిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"ఈ స్ప్రింగు కోసిన్రు సార్" అంది అర్షియా. "నేను కొయ్యలే."

"మరెవరు కోసిన్రు?"

ఆమె తండ్రి చేతుల వైపు చూసింది. బషీర్ వాటిని వెనక్కి పెట్టుకున్నాడు. వేపచెట్టు కింద ఇద్దరు పోలీసులు, ఒక మిల్లు యజమాని, అతని కొడుకు, ఒక అధికారి ఆమె జవాబు కోసం ఎదురుచూశారు. ఆమె లేచి మోకాళ్ల మన్ను దులుపుకుంది.

"ఆలోచించుకో" అన్నాడు అధికారి. అతను చెడ్డవాడు కాదు. "రేపు వచ్చి బయాను ఇయ్యి. చెప్పకపోతే పని నీదనే రాసుడైతది."

*

ఆ సాయంత్రం సుల్తానాబీ చాయ్ పెట్టి కూతురు ముందు కూర్చుంది. బషీర్ మసీదు నుంచి ఇంకా రాలేదు.

"కోసింది నిజమే. నాకు చెప్పిండు" అంది. "మీ అబ్బ ఏం జేస్తడు చెప్పు? ఆ పోరడు శుక్కురారం పొద్దున వాళ్ల నాయినను ఎంటేసుకొని వచ్చిండట. జాగ ఖాళీ జెయ్యి అని ఒక్క మాట అనలే. ఊకె నిలవడ్డడట. గంతే."

"నేను రేపు నిజం చెప్త అమ్మీ."

"చెప్పు. మీ అబ్బను లోపలేస్తరు. షుగరు మనిషి. నువ్వు ఆడపిల్లవు, నిన్నేం జెయ్యరు, జర బెదిరించి వదిలిపెడ్తరు. ఆడపిల్లకు పని రాకుంటే ఎవరికి తప్పనిపించదు."

ఆమె తల్లి దుర్మార్గురాలు కాదు. ఆ మాటను ఎంతో ఆలోచించి, ఓదార్పుగా అన్నది. అర్షియా చాయ్ తాగలేదు. గ్లాసు మీద మీగడ కట్టేదాకా దాన్ని చూస్తూ కూర్చుంది.

మంగళవారం ఠాణాలో ఆమె తన వాంగ్మూలం కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదువుతున్నందుకు దాన్ని రాసిన పోలీసు విసుక్కున్నాడు. అనుభవం లేనందువల్ల స్ప్రింగు సరిగా అమర్చలేదు అని అందులో ఉన్నది. స్పీడు బ్రేకరు దగ్గర కారు ఎంత వేగంతో వచ్చిందో ఒక మాట కూడా లేదు.

"అనుభవం లేనందువల్ల అన్నది తీసెయ్యి అన్నా" అంది ఆమె.

"ఉంటే నీకే మంచిదమ్మా. కేసు అల్కగ అయితది."

బయట అరుగు మీద బషీర్ తల వంచుకొని కూర్చున్నాడు. ఆ మాట అట్లాగే ఉండగా అర్షియా సంతకం చేసింది. పొడి అక్షరాలతో కాదు, పూర్తి పేరుతో.

అక్కడి నుంచి ఆమె ఒక్కతే దవాఖానకు నడిచింది. ఎంకమ్మ కాలికి సిమెంటు కట్టు వేసి ఎత్తున కట్టి ఉంచారు. మంచం పక్కన కురుమయ్య నిలబడి ఉన్నాడు.

"నువ్వేనా బిడ్డా బండ్లు బాగుజేసే పిల్లవు?" అంది ఎంకమ్మ, దిండు మీద తల తిప్పి. "పోలీసాయన సెప్పిండు. ఆడపిల్ల కారు కింద దూరి పని జేస్తదంటే ఈన నమ్మలే. నేను నమ్మిన. ఎందుకు జెయ్యదు? నేను నాగలి పట్టలేదా? ఈన పట్టేది నాకన్న వంకరనే." కురుమయ్య ముఖం తిప్పుకున్నాడు. ఎంకమ్మ అర్షియా చెయ్యి పట్టుకొని వేళ్లను చూసింది, గోళ్లలో నల్లగా ఇంకిన గ్రీజును చూసింది. "పనిజేసే వేళ్లే ఇవి. మరెందుకు గట్ల జేసినవ్ బిడ్డా?"

ఆ ఊళ్లో అర్షియా మెకానిక్కు అని మనస్ఫూర్తిగా నమ్మిన మొదటి మనిషి ఎంకమ్మ. నమ్మింది గనుకనే ఆ ప్రశ్న అడిగింది. నేను చెయ్యలేదు అంటే, మరెవరు అన్న ప్రశ్న దాని వెంటనే వస్తుంది.

"వడ్లు ఎత్తుకున్నరా?" అని మాత్రం అడిగింది అర్షియా.

"యాడ ఎత్తుతం?" అన్నాడు కురుమయ్య. "గాజుపెంకులు కలిసినయి. మిల్లుకు కొంచవోతే, పెంకులున్న వడ్లు మాకొద్దు అన్నరు."

"ఏ మిల్లు?"

"గా కారు వాళ్లదే."

*

బుధవారం పొద్దున షెడ్డు తెరిచిన కాసేపటికి నాగేశ్ వ్యాను వచ్చింది. ఖిల్లా ఘణపూర్ దిక్కు నుంచి బడిపిల్లలను తెచ్చే వ్యాను అది. నిరుడు ఒకసారి, మొన్న సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచే ముందు ఒకసారి దాని వెనక సస్పెన్షన్ మొత్తం దించి ఎక్కించింది అర్షియాయే. రెండుసార్లూ నాగేశ్ బషీర్ చేతులు పట్టుకొని మెచ్చుకున్నాడు.

ఇవాళ అతను లోపలికి రాకుండా బషీర్‌ను పక్కకు పిలిచాడు. మెల్లగానే అన్నాడు గాని అర్షియాకు వినబడింది.

"ఎనక నుంచి కటకటమంటున్నది బషీర్ భాయ్. జర నువ్వే సూడు. మీ పిల్లను ముట్టనియ్యకు. పిల్లలు ఎక్కే బండి. ఏమనుకోకు."

"నేనే సూస్త అన్నా" అన్నాడు బషీర్. "ఎప్పుడు సూసింది నేనే గదా."

నాగేశ్ చాయ్ బండి దగ్గరికి పోయాడు. బషీర్ జాకీ పెట్టాడు, సంచి పరిచాడు, వ్యాను కిందికి దూరాడు. కొంతసేపు పానా చప్పుడు అయింది. ఆగింది. మళ్లీ అయింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"బేటా" అన్నాడు కిందినుంచి, బయటికి వినబడకుండా. "ఈ ఎనకదాంట్ల మొదలు ఏది ఇప్పాలె?"

అర్షియా గోడకు ఆనుకొని నిలబడి ఉన్నది. వెళ్లిపోవచ్చు. ఆ మాట విననట్టు ఇంటికి నడిచి వెళ్లడానికి ఆమెకు ఆ పూట పూర్తి హక్కు ఉన్నది. కాని ఆ వ్యానులో ఇరవై ఇద్దరు పిల్లలు ఎక్కుతారు. వాళ్లను ఎక్కించుకొని అది రోజుకు రెండుసార్లు తొమ్మిది స్పీడు బ్రేకర్లు దాటుతుంది. ఆమెకు ఆ లెక్క తెలుసు.

ఆమె చక్రం పక్కన గొంతుకూర్చుంది. ముందు ఏది విప్పాలో చెప్పింది. ఎడమవైపు బుష్షు పగిలి ఉంటుంది, వేలుపెట్టి చూడమన్నది. పగిలే ఉన్నది. కుడివైపుది కూడా జోడుగా మార్చమన్నది. మార్చాడు. ఎంత బిగించాలో చెప్పింది. మధ్యాహ్నానికి వ్యాను చప్పుడు లేకుండా రోడ్డెక్కింది. పోతూ పోతూ నాగేశ్ కిటికీలోంచి చెయ్యి ఊపి అరిచాడు.

"నీ చెయ్యి పడితే చాలు బషీర్ భాయ్!"

బషీర్ చెయ్యి ఎత్తి సలాం చేశాడు.

మీకు కూడా ఒక బండి ఉన్నది. దాన్ని మీరు కూడా ఏదో ఒక షెడ్డుకు తీసుకుపోతారు, అరగంటలో తిరిగి తెచ్చుకుంటారు. ఈసారి తెచ్చుకునే ముందు అక్కడ కాసేపు నిలబడండి. దాని కిందికి దూరిన మనిషిని బయటికి పిలిపించండి. ముఖం చూడండి, పేరు అడగండి, నలుగురూ వినేటట్టు ఆ పేరు పలకండి. బండి చెడిపోయిన రోజున కాదు, ఆ రోజు పేరు అడగడానికి ఠాణా ఉన్నది. పని బాగున్న రోజున అడగండి.